వేములవాడ లెక్క తేల్చాకే మరో కార్డు

2022 మార్చి 5న వేములవాడలో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్, ములుగులో అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు ఒకే కార్యక్రమానికి శ్రీకారం చుట్టారు. దాని పేరు హెల్త్ ప్రొఫైల్. పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లున్న ప్రతి గడపకూ ఆశా, ఏఎన్‌ఎం వెళ్లాలి. ఎత్తు, బరువు, బీపీ, షుగరు చూడాలి. నెత్తురు నమూనా తీసి పరీక్షకు పంపాలి. ఫలితాలన్నీ కంప్యూటర్‌కెక్కించి మనిషికో గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. రేపు రోడ్డు ప్రమాదం జరిగినా, నడిరాత్రి గుండెనొప్పి వచ్చినా ఆ సంఖ్య కొడితే చాలు, రోగి చరిత్ర మొత్తం డాక్టరు కళ్ల ముందుంటుందని చెప్పారు. దేశానికే ఆదర్శమన్నారు. ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఫలితం చూసి రాష్ట్రమంతటా చేస్తామన్నారు.

రాష్ట్రమంతటా చేయలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. రాష్ట్రంలోని ప్రతి ఒక్కరికీ డిజిటల్ హెల్త్ ప్రొఫైల్ తయారు చేస్తామని 2024లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు. రేషన్, ఆరోగ్యం, సంక్షేమం అన్నీ ఒకే కార్డు మీదికి తెస్తామంటూ అదే ఏడాది అక్టోబరులో కుటుంబ డిజిటల్ కార్డు కోసం ప్రయోగాత్మక సర్వే కూడా జరిగింది. పార్టీ మారింది, ఆలోచన మారలేదు. ఒకసారి తట్టిన తలుపునే మళ్లీ తట్టబోతున్నారు. ఒకసారి సూది గుచ్చిన వేలికే మళ్లీ గుచ్చబోతున్నారు.

మొదటి ప్రయోగం ఏమైందో లెక్క తేల్చకుండా రెండోదానికి నిధులు విడుదల చేయడాన్ని ప్రజాధనం వృథా కింద మాత్రమే చూడకూడదు. అది రోగుల ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన సమయం ఇదే. టెండర్లు పిలిచాక చెప్పి లాభం లేదు.

సర్కారు దవాఖానకు కొత్త సాంకేతికత అక్కర్లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్‌నే తీసుకుందాం. 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021 జూన్ 9న సిరిసిల్ల, కరీంనగర్, ఆదిలాబాద్ సహా 19 జిల్లాలకు విస్తరించింది. పీహెచ్‌సీలో తీసిన నమూనా జిల్లా కేంద్రంలోని ల్యాబ్‌కు చేరి, ఫలితం ఫోనుకు వస్తుంది. థైరాయిడ్ పరీక్షకు కూలి పోగొట్టుకుని కరీంనగర్ దాకా పోయి, ప్రైవేటు ల్యాబ్‌కు అడిగినంత కట్టి వచ్చే ఆడమనిషికి అది ఎంత ఆసరానో మాటల్లో చెప్పలేం. 108 సంగతి అంతకన్నా పెద్దది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు చొరవతో మొదలైన ఆ సేవలో ఫోను, కంప్యూటరు, అంబులెన్సు మూడూ కలిపి నడిపే నమూనా అప్పటికి దేశానికే కొత్త. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడింది. 108ను పెట్టిన మనిషి జైలుకు వెళ్లాడు. అయినా అంబులెన్సులు ఆగలేదు. వాటిని నడిపే ఖర్చులో అధిక భాగాన్ని అప్పటికే ప్రభుత్వం నెలనెలా భరిస్తోంది. తర్వాత జీవీకే సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది. డీజిలుకు, డ్రైవరు జీతానికి, టైర్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందే తేలింది కనుకనే ఆ సేవ ఇరవై ఏళ్లుగా బతికి ఉంది.

హెల్త్ ప్రొఫైల్‌కు ఆ రెండో ఏడాది, మూడో ఏడాది ఖర్చు ఎవరు లెక్కగట్టారు? అసలు గండం ఇక్కడే ఉంది.

ఒకసారి తీసిన రక్తపరీక్ష ఫోటో లాంటిది. ఆ పూట మనిషి ఎలా ఉన్నాడో చెబుతుంది, అంతే. చందుర్తి వైపు ఒక పల్లెలో బీడీలు చుట్టే నలభై అయిదేళ్ల ఆమెను ఊహించుకోండి. 2022లో ఆమె నెత్తురు తీసినప్పుడు క్రియాటినిన్ సరిగ్గానే ఉంది. కిడ్నీలు బాగున్నాయని కంప్యూటర్‌లో నమోదైంది. పొద్దుగూకులూ వంగి కూర్చుని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే పనిలో మెడ, నడుము పట్టేస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే నొప్పి గోళీలు ఇస్తాడు. వారానికి నాలుగు రోజులు వాటితోనే నెట్టుకొస్తుంది. అలా రెండు మూడేళ్లు మింగిన గోళీలు కిడ్నీని లోలోపల తినేస్తాయి. ఒంటికి నీరు పట్టేదాకా ఆమెకు తెలియదు. ఓ రాత్రి కడుపునొప్పితో దవాఖానకు వస్తే డ్యూటీ డాక్టరు ఆమె సంఖ్య కొడతాడు. తెర మీద కిడ్నీ పరీక్ష మామూలుగా ఉందని వస్తుంది. బయట నలభై మంది ఉన్నారు, డాక్టరు ఒక్కడే. నొప్పి ఇంజెక్షన్ రాసిస్తాడు. ఉన్న కాస్త కిడ్నీ కూడా ఆ దెబ్బకు పోతుంది.

కాగితం ఖాళీగా ఉంటే డాక్టరు అడుగుతాడు. ‘ఏం మందులు వాడుతున్నవమ్మా, ఎన్నేళ్ల సంది?’ అని. నిండుగా, నీటుగా కనిపించే పాత రికార్డు ఆ ప్రశ్నను ఆపేస్తుంది. తాజాగా ఉంచలేని రికార్డు అసలు రికార్డు లేకపోవడం కన్నా చెడ్డది. అందులోని ప్రతి అంకె పక్కన అది ఏ తేదీదో పెద్దక్షరాల్లో కనిపించాలి. ఏడాది దాటిన ఫలితాన్ని తెర దానంతటదే అనుమానించాలి. అంతకన్నా ముందు, బీపీ, షుగరు బయటపడిన వాళ్లను ప్రతి నెలా ఎవరు చూస్తున్నారు, గోళీలు ఎక్కడ ఇస్తున్నారు అనేది తేలాలి. జబ్బు ఉందని చెప్పి మందు ఇవ్వకుండా వదిలేయడానికి ఇంటింటి సర్వే అక్కర్లేదు.

వేములవాడకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. రాజన్న దర్శనానికి వచ్చేవాళ్లు ఈ జిల్లావాళ్లు మాత్రమే కాదు. శివరాత్రికి, సోమవారాలకు, మేడారం జాతరకు ముందు లక్షల్లో వస్తారు. కోడె మొక్కు క్యూలో ఎండకు సొమ్మసిల్లిన ముసలమ్మ ఆదిలాబాద్ నుంచి వచ్చి ఉండొచ్చు, మహారాష్ట్ర నుంచి వచ్చి ఉండొచ్చు. ఆమెను మోసుకుని తిప్పాపూర్ ఏరియా దవాఖానకు తెస్తే సిరిసిల్ల జిల్లావాసుల జాబితాలో ఆమె పేరు దొరకదు. ఆ పూట ఆమెకు కావాల్సింది మంచం, సెలైన్, స్టాఫ్ నర్సు, అవసరమైతే కరీంనగర్ తీసుకుపోయే బండి. జాతర ఊరి దవాఖాన సామర్థ్యాన్ని పెంచాలనుకునేవాళ్లు ముందు జాతర రోజుల రద్దీని కొలవాలి. ఏ గంటకు ఎందరు వస్తున్నారు, ఏ జబ్బుతో వస్తున్నారు, ఎందరిని పైకి పంపిస్తున్నారు అన్న చిన్న లెక్క శ్రద్ధగా రాసినా ఎంతో మేలు జరుగుతుంది. అలాంటి పనికి పెద్ద టెండరు ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. అందుకే ఎవరికీ పట్టదు.

ఇక యంత్రాల మాట. జాతీయ ఆరోగ్య మిషన్ కింద 29 రాష్ట్రాల్లో 29,115 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు తిరిగి పరికరాలను లెక్కపెడితే 7,56,750 తేలాయి. వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి నూటికి 13 నుంచి 34 దాకా పనిచేయడం లేదని తేలింది. అందుకే 2015లో పరికరాల నిర్వహణకు ప్రత్యేక కార్యక్రమం పెట్టాల్సి వచ్చింది. కొవిడ్ కాలంలో పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్లు కేటాయించారు. అలా వచ్చిన వాటిలో ఎన్నో దవాఖానల్లో నడిపే మనిషి లేక మూలన పడ్డాయి. పాడైనవి పంపారని ఔరంగాబాద్‌లో వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. రక్తపరీక్ష చేసే ఆటో ఎనలైజర్‌ను దగ్గరినుంచి చూసినవాళ్లకు దాని అవసరాలు తెలుసు. గది చల్లగా ఉండాలి. రోజూ పొద్దున కంట్రోల్ ద్రావణం పెట్టి అంకె సరిగ్గా వస్తోందో లేదో సరిచూడాలి. కరెంటు పోతే యూపీఎస్ మోయాలి, దాని బ్యాటరీలు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. రీఏజెంట్ సీసా అయిపోకముందే కొత్తది రావాలి. చాలా యంత్రాలకు ఆ కంపెనీ సీసానే వాడాలి, వేరేది పెడితే ఒప్పుకోవు. గ్యారంటీ గడువు తీరాక ఏడాదికింత అని నిర్వహణ ఒప్పందం కట్టాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా యంత్రం ఆగిపోతుంది, లేదా ఆగకుండా తప్పుడు అంకె చెబుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. యంత్రం కొన్న రోజున మంత్రి వస్తాడు, ఫోటో పడుతుంది. బ్యాటరీ బిల్లు పాస్ కానప్పుడు సూపరింటెండెంట్ చుట్టూ తిరిగే ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కడే ఉంటాడు. అతనూ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగే, అతని జీతం కూడా నెల దాటి వస్తుంది.

హెల్త్ ప్రొఫైల్ మొదలైన ఆ 2022 మార్చి నెలాఖరులోనే వరంగల్ ఎంజీఎం ఐసీయూలో మంచం మీదున్న రోగిని ఎలుకలు కొరికాయి. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు వస్తున్న కన్నాలు డాక్టర్లు తవ్వినవి కావు. అదే ఏడాది ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ రెండు ఘటనలకూ హెల్త్ ప్రొఫైల్‌కూ సంబంధం లేదని అధికారులు అనవచ్చు. సంబంధం ఖజానాలో ఉంది. 2025-26లో తెలంగాణ బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో వైద్యారోగ్యానికి దక్కింది 12,393 కోట్లు, అంటే నూటికి నాలుగు రూపాయలు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో నూటికి ఎనిమిదికి పైగా ఆరోగ్యానికి పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. దానికి గడువు 2020గా పెట్టుకుంది. సగంతోనే ఈదుతున్న శాఖలో కొత్త ప్రాజెక్టుకు పోయే ప్రతి రూపాయి ఆపరేషన్ సామాన్లు శుభ్రపరిచే ఆటోక్లేవ్ నుంచో, ఎలుక కన్నం పూడ్చే మేస్త్రీ కూలి నుంచో రావాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువగా భయపెడుతున్నది జనం ఒంటి వివరాల భద్రత. ఈ ప్రాంతంలో ఆ వివరాలకు కొనుగోలుదారులున్నారు. సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్ పల్లెల నుంచి వేలమంది గల్ఫ్‌కు పోతారు. ఎప్పుడో టీబీ వచ్చి నయమైన మచ్చ ఛాతీ ఎక్స్‌రేలో కనిపించినా మెడికల్‌లో అన్‌ఫిట్ రాస్తారు. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు పోతుంది. ఎవరికి టీబీ మందులు ఇచ్చారన్న జాబితా ఏజెంటు చేతిలో పడితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అది 80 దాటింది. ఏ ఊళ్లో ఎవరికి ఎన్నో నెల, బీపీ ఉందా లేదా అన్న పట్టిక ఒక నర్సింగ్ హోం పీఆర్వోకు ఎంత విలువైనదో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. పెళ్లి సంబంధాల్లో మూర్ఛ, హెచ్‌ఐవీ వివరాలు బయటపడితే ఒక ఆడపిల్ల బతుకు ఏమవుతుందో కూడా తెలుసు.

ఆ వివరాలకు తాళం ఎంత గట్టిది? 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దేశంలోనే పేరున్న ప్రభుత్వ దవాఖానలో దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాశారు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి జనం వివరాలు బయటికి పోయాయి. ఎయిమ్స్‌కూ, పోలీసు శాఖకూ చేతకాని కాపలా జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ వల్ల అవుతుందా? చట్టం తోడుంటుందా అంటే, వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ఆరోగ్య వివరాలకు అందులో ప్రత్యేక రక్షణ లేదు. సంక్షేమ ప్రయోజనాల పేరుతో ప్రభుత్వం వివరాలు వాడుకోవడానికి తగినంత వెసులుబాటు మాత్రం ఉంది.

సమ్మతి అన్నది కూడా ఇక్కడ ఎలా నడుస్తుందో చూడాలి. ఒక ఇల్లాలి ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు పెనిమిటిది. ఆయన దుబాయిలో ఉంటాడు. సమ్మతి అడిగే ఓటీపీ అక్కడికి పోతుంది. వాట్సాప్‌లో ఫోన్ చేసి ఆరు అంకెలు చెప్పించుకుని ఇక్కడ కొట్టేస్తే భార్య సమ్మతించినట్టు నమోదవుతుంది. దేనికి సమ్మతించిందో ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియదు. తన షుగరు సంగతి, గర్భసంచి ఆపరేషన్ సంగతి ఎవరెవరు చూడొచ్చో చెప్పే హక్కు ఆమెది. ఆ హక్కు ఆమె చేతిదాకా రాలేదు.

కేంద్రం తీరు వేరేలా లేదు. 2023 జనవరిలో తెచ్చిన డిజిటల్ ఆరోగ్య ప్రోత్సాహక పథకంలో నిర్ణీత సంఖ్య దాటాక కలిపే ప్రతి రికార్డుకూ దవాఖానకు 20 రూపాయలు ఇచ్చేలా పెట్టారు. రికార్డుకు డబ్బు వస్తుంది, నయమైన రోగానికి రాదు. అలాంటప్పుడు రికార్డులు పెరుగుతాయి. అవి నిజమా, తాజావా అని అడిగేవాళ్లకు ఆ లెక్కలో చోటు లేదు.

ఇదే కంప్యూటరు మాట వేదవాక్కయితే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం జనం పనులు మానుకుని ఇళ్లలో కూర్చున్నారు, అడిగినవన్నీ చెప్పారు. తర్వాత ఏళ్లలో ఇంటికి వచ్చి విచారించకుండా, కంప్యూటరు మాట మీదే సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కల్పించుకుని, ఇంటింటికీ పోయి పరిశీలించమని చెప్పాల్సి వచ్చింది. రేపు రేషన్, ఆరోగ్యశ్రీ ఒకే కార్డులో పెడితే ఒక తప్పు రెండింటినీ కోసేస్తుంది. బియ్యం ఆగిపోతే పక్కింట్లో అరువు తెచ్చుకోవచ్చు. డయాలసిస్ ఆగితే అరువు దొరకదు.

ఇంగ్లండ్ 2002లో తన దవాఖానలన్నిటికీ ఒకే కంప్యూటర్ వ్యవస్థ తేవాలని బయల్దేరి, దాదాపు 1,000 కోట్ల పౌండ్ల వ్యవహారమయ్యాక 2011లో ఆ కార్యక్రమాన్ని రద్దు చేసుకుంది. పైనుంచి ఒప్పందాలు ముందు కుదిరాయి, వార్డులో పనిచేసే డాక్టర్లను, నర్సులను తర్వాత అడిగారు. అంత డబ్బున్న దేశం తట్టుకుంది. మనం తట్టుకోలేం.

కాబట్టి ప్రభుత్వం ముందు ఈ పని చేయాలి. సిరిసిల్ల, ములుగు జిల్లాల్లో ఎందరి నెత్తురు తీశారు, ఎందరికి కొత్తగా జబ్బు బయటపడింది, వాళ్లలో ఎందరు ఇవాళ్టికీ మందు వాడుతున్నారు, మొత్తం ఖర్చెంత అన్నది తెలుగులో ఒక నివేదికగా ప్రచురించాలి. ఆ వివరాలు ఇప్పుడు ఎవరి సర్వర్‌లో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గరుంది, ఇన్నాళ్లలో ఎవరెవరు తెరిచి చూశారు, ప్రయోగం ముగిశాక చెరిపేశారా ఉంచారా అన్నది అందులో తప్పకుండా ఉండాలి. వైద్యులు అత్యవసర వేళ ఎన్నిసార్లు ఆ సంఖ్యను నిజంగా వాడారో కూడా చెప్పాలి. సున్నా అయితే సున్నా అనే చెప్పాలి. నిజం చెబితే రెండో ప్రయోగమైనా బాగుపడుతుంది.

ఇకమీదట దవాఖానల్లో ఏ కొత్త సాంకేతిక ప్రాజెక్టుకు నిధులిచ్చినా, కొనే ఖర్చుతోపాటు అయిదేళ్ల నిర్వహణ ఖర్చును అదే జీవోలో విడిగా కేటాయించాలి. ఆ సొమ్మును మరోదానికి మళ్లించకూడదు. ఏఎన్‌ఎంకు కొత్త యాప్ ఇస్తే పాత రిజిస్టరు ఒకటి తీసేయాలి. పగలంతా కాగితం మీద రాసి రాత్రి పిల్లలు పడుకున్నాక అదే ఫోనులో ఎక్కించే పద్ధతిలో తప్పులు రాక మానవు, ఆ తప్పుల నింద మళ్లీ ఆమె మీదే పడుతుంది. వివరాలు ఇవ్వనన్న మనిషికి వైద్యం ఆపబోమని రాతపూర్వకంగా చెప్పాలి. అది దవాఖాన గోడ మీద కనిపించాలి. వివరాలు లీకైతే ఏ అధికారి బాధ్యుడో, ఎవరికి ఫిర్యాదు చేయాలో దాని కిందే రాయాలి.

ఆ నివేదికను వేములవాడ పట్టణ వార్డు సభల్లో, రుద్రంగి, చందుర్తి, కోనరావుపేట గ్రామసభల్లో చదివి వినిపించాలి. వేలు చాపి నెత్తురిచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలకు జిల్లా వైద్యాధికారి అక్కడే జవాబు చెప్పాలి. కుటుంబ డిజిటల్ కార్డుకు సంబంధించిన ఆరోగ్య భాగం టెండరు, అది ఎంత దూరం వచ్చి ఉన్నా, ఆ సభలు ముగిసేదాకా ఆగాలి.